ఇరవై ఐదో మంచం

ఎవరికి అన్యాయం జరిగింది? ఏసమ్మకు. ఎట్లా జరిగింది? తొమ్మిదేళ్లు ముసలివాళ్లకు సేవ చేసిన మనిషిని, సేవ చేయించుకుంటున్న ముసలిది అని కాగితం మీద రాయడం వల్ల. రాసిందెవరు? నేను, భారతమ్మను. నీ దస్తూరీ ముత్యాల్లాగా ఉందని కన్యాస్త్రీల బడిలో సిస్టర్లు మెచ్చుకున్న చేతితోనే రాశాను.

నంద్యాలలో ఒక కమిటీ నడిపే వృద్ధాశ్రమానికి నేను వార్డెనుగా ఉండేదాన్ని. ఇరవై ఐదుగురు వృద్ధులుంటేనే ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. 1990లో, తనిఖీ నాలుగు రోజులుందనగా ఒక అవ్వ చనిపోయి ఇరవై నలుగురే మిగిలారు. అంతకు నెల ముందే ఏసమ్మ చాగలమర్రి దగ్గర పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చింది. భర్త లేడు, పిల్లలు లేరు. వయసు యాభై ఒకటి. నీళ్లు తోడడం, అవ్వలకు స్నానాలు చేయించడం, పక్కబట్టలు ఉతకడం, అన్నీ ఆమే.

కమిటీ కార్యదర్శి పుల్లయ్య గారు నన్ను పిలిచి, "ఆయమ్మ పేరు రాయమ్మా. వయసు అరవై అని వెయ్" అన్నారు.

"ఆమె పనిమనిషి కదండీ. జీతం మాటేమిటి?"

"మూడు పూటలా తింటాంది, ఈడనే పండుకుంటాంది. ఇంగ జీతమేంది?"

ఆ మాట నాకు కొత్త కాదు. మా ఆయన బతికున్న రోజుల్లో, ఆళ్లగడ్డలో మా అత్తగారు అనసూయమ్మ పక్షవాతంతో ఏడేళ్లు మంచంలో ఉన్నప్పుడు, ఎత్తి కూర్చోబెట్టడానికైనా ఒక కూలిమనిషిని పెట్టమని నేను అడిగితే, "నువ్వుండంగా కూలిమనిషెందుకు? ఊరికే తింటాండావా ఏంది?" అని మా ఆయన అన్నారు. ఏడేళ్లు ఆమెను కడిగాను, తుడిచాను, రాత్రుళ్లు రెండుసార్లు లేచి పక్కకు తిప్పాను. ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. చూడవచ్చిన చుట్టాల ముందు మా ఆయన నవ్వుతూ, "మా కాన్వెంటమ్మ మా యమ్మకు ఇంగ్లీషులో నీళ్లు పోస్తాంది" అనేవారు. అందరూ నవ్వేవారు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లేదాన్ని. వంటింటి కిటికీ పక్కన నిలబడి నేను కోరుకున్నది నగలూ కాదు, నాలుగు మంచి మాటలూ కాదు. ఈ ఏడేళ్లను ఎవరైనా ఒక్కసారి 'పని' అని పిలిస్తే బాగుండునని కోరుకున్నాను. ఆ ఒక్క మాట కోసం మనిషి ఎంతగా అలమటించగలదో నాకు తెలుసు. అత్తగారు పోయిన రోజున మా ఆడపడుచు, "పాపం, ఇంట్లో ఉండేది కాబట్టి జరిగిపాయ" అంది. నాకు దక్కిన సర్టిఫికెట్టు అదే.

ఇంత తెలిసిన నేను ఏసమ్మ పేరు రాశాను. వయసు అరవై అని వేశాను. ఇరవై నలుగురు అవ్వలు వీధిన పడతారని నాకు నేను చెప్పుకున్న కారణం అబద్ధం కాదు. అయినా అది కారణమే గాని న్యాయం కాదు.

తనిఖీ ఏడాదికొక్కసారి వచ్చేది. ఆ ఒక్క దినం ఏసమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని ఇరవై ఐదో మంచం మీద పడుకోవాలి. పక్క మంచంలోని రామేశ్వరమ్మవ్వ ఆమెను ఆటపట్టించేది.

"ఏమే ఏసీ, మూలగవేం? నన్ను జూసి నేర్చుకో."

"మూలిగేకి గూడా తీరిక ఉండాలవ్వా. నాకు అలవాటు లేదు."

ఒకసారి అధికారులు వెళ్లిపోయాక నేను లేపబోతే ఏసమ్మ కళ్లు తెరవకుండానే, "ఇంగొంచెంసేపమ్మా. సంవత్సరమంతా ఈ దినం కోసరమే జూస్తాంటా" అంది. ఆమె వేళ్ల మధ్య బట్టలుతికే సోడాకు చర్మం ఒరిసి ఎర్రబడి ఉంది. ఆ తర్వాత కూడా ఏటేటా ఆమె పేరు అట్లాగే రాశాను. ఇది దాచను.

1999లో మా ఆశ్రమానికి కొత్త ఉత్తర్వు వచ్చింది. జీతంతో ఒక ఆయాను పెట్టాలి, ఆ జీతం గ్రాంటులోనే వస్తుంది. ఆ కాగితం చదివి నేను సంతోషించాను. ఇక ఏసమ్మను ఏసమ్మగా రాయవచ్చు అనుకున్నాను. పుల్లయ్య గారికి అట్లా అనిపించలేదు.

"ఆయా అని మా కోడలు భానుప్రియ పేరు రాయమ్మా. ఏసమ్మ పని ఏసమ్మ చేస్తానే ఉంటాది గదా."

"పని చేసేది ఒకరు, జీతం ఇంకొకరికా?"

"ఇన్నేండ్లు రాసిన చెయ్యే గదమ్మా నీది. ఈపొద్దు నొప్పి పుట్టిందా?"

ఆయన అన్నది నిజం. అందుకే అది తగిలింది. భానుప్రియ పేరు మాత్రం నేను రాయలేదు, ఆయనే రాసుకున్నారు.

తనిఖీకి ఈసారి ఒక అధికారిణి వచ్చింది. మంచాల మధ్య నడుస్తూ వచ్చి, "ఆయా ఎక్కడ?" అని అడిగింది. పుల్లయ్య గారు, "కోడలికి జ్వరం, ఇంటికాడ ఉంది" అన్నారు. నేను ఇరవై ఐదో మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఆయా ఇక్కడే ఉంది. పేరు ఏసమ్మ. తొమ్మిదేళ్లుగా జీతం లేకుండా ఈమే చేస్తున్నది. వృద్ధురాలని తప్పుగా రాసింది నేను."

"ఇది మీరు రాసిస్తే ముందు పోయేది మీ ఉద్యోగమే."

"కాగితం ఇవ్వండి."

నా ఉద్యోగం పోయింది. పుల్లయ్య గారి పదవీ పోయింది. ఏసమ్మకు మాత్రం ఆయా ఉద్యోగం రాలేదు. ఆ ఉద్యోగానికి వయసు నలభై ఐదు దాటకూడదట. అరవై నిండిన ఏసమ్మకు ఇప్పుడు మంచం మీద హక్కు నిజంగానే ఉన్నది. నా అబద్ధం నిజమయ్యేంత కాలం ఆమె చాకిరీ చేసింది. తొమ్మిదేళ్ల జీతం కోసం నేను ఆమె తరఫున కర్నూలు దాకా తిరిగాను. రుజువేదని అడిగారు. రుజువంతా నా దస్తూరీలో, ఆమెకు వ్యతిరేకంగానే ఉంది.

చివరికి ఆమె మంచం పక్కన కూర్చుని, "నీకేమివ్వను ఏసమ్మా?" అని అడిగాను.

"నీ తాన ఏముందమ్మా ఇచ్చేకి? రెండు చేతులుండాయి."

మర్నాటి నుంచి నేను తెల్లవారుజామున ఐదింటికి ఆశ్రమానికి వెళ్లసాగాను. అది 2000 సంవత్సరం, అప్పటికి నాకు అరవై ఒకటి. కొత్త ఆయా చిన్నపిల్ల. ఒక్కతే అందరికీ చేయలేకపోతుండేది. మొదట ఏసమ్మకు స్నానం చేయించబోతే, "నాకేందమ్మా, నేను పోసుకుంటా. వాళ్లకు పోయ్, నేను జూస్తాంటా" అంది. చూడడమంటే ఊరికే చూడడం కాదు. "చెవుల ఎనక రుద్దు! అవ్వ జారుతాంది, నడుం పట్టుకో! కాన్వెంటులో ఇదేం నేర్పలేదా?" అని మంచం మీద నుంచి కేకలు. అవ్వలంతా నవ్వేవారు. ఆ నవ్వులో నేనూ కలిసేదాన్ని, ఆళ్లగడ్డ నవ్వులో కలవలేకపోయినదాన్ని. పగలు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని బతికాను. నా వేళ్ల మధ్య చర్మమూ ఒరిసింది. చలికాలంలో మోకాళ్లు వంగనన్నా మానలేదు. ఎన్నాళ్లని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

2008 క్రిస్మస్ మర్నాడు చివరి అవ్వకు తల తుడిచి నేను లేచేసరికి ఏసమ్మ గోడ పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా చేతిలోంచి చెంబు తీసుకుంది.

"తొమ్మిది కిస్మసులు ఎంచినామ్మా. రేపట్నించి పనికి రావాకు. నీ పని అయిపాయ."

చెంబు ఆమె చేతిలోనే ఉంది. నేను తడిచేతులు కొంగుకు తుడుచుకుని ఆమె మంచం మీద కూర్చున్నాను. ఆమె నా పక్కన కూర్చుంది. మా మధ్య ఉన్న బాకీ పూర్తిగా తీరింది.