మూడు గదుల పెంకుటిల్లు

గడ్డం గీసుకోకుండా ఉండాల్సింది, అనుకుంటూ అప్పలసూరి చెంప తడుముకున్నాడు, పొద్దున్నే వన్ టౌన్ కుళాయి దగ్గర కూర్చుని నున్నగా గీసుకున్నాడు, సంచి అడుగున దాచుకున్న తెల్లచొక్కా కూడా తీశాడు, ఇల్లు లేనివాళ్ళ గురించి జనానికి తెలియజెప్పడానికి కాలేజీ పిల్లలు ఊరేగింపుగా వస్తారట, ఫొటోలు తీస్తారట, చివర్లో పేర్లు రాసుకుంటారట, ఆడవాళ్ళ షెల్టర్లో ఒక్క మంచం ఖాళీ ఉందట, ఆ మాట వినగానే మంచమా అని భార్య గౌరీశ్వరి పసిపిల్లలా నవ్వింది, మూడు రోజులుగా ఈ మూసేసిన బెల్లం కొట్టు అరుగు మీదికి వాన జల్లు కొడుతూనే ఉంది, ఆవిడ కాళ్ళు వాచిపోయాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది, ఎలాగైనా ఆ మంచం ఈవిడకే రావాలి, కానీ ముప్పయ్యేళ్ళు ఈ వీధిలో బస్తాలు మోసినవాడు నలుగురిలో ముష్టివాడిలా కనపడితే ఏం బాగుంటుంది.

హిమబిందట, పేర్లు రాసుకోవడానికి వచ్చిన ఆ కాలేజీ అమ్మాయి పేరు, మెడలో కార్డు వేలాడుతోంది, ఎంతో మర్యాదగా వంగి, తాతగారూ మీ ఇల్లెక్కడండీ అంది, ఎదురుగా ఉల్లిపాయల కొట్టు గురునాథరావుగారు గల్లా ముందు కూర్చుని ఇటే చూస్తున్నారు, ఎవరడిగినా చెప్పే మాటే నోట్లోంచి జారిపోయింది, మాదా తల్లీ, ఎస్.కోట దగ్గిర, మూడు గదుల పెంకుటిల్లు, గాలి బాగా ఆడతాది, తుపానుకి అది కూలి ఆరేళ్ళయింది, ఆ జాగాలో తమ్ముడు పశువుల్ని కడుతున్నాడు, ఈ ముక్క మాత్రం గొంతులోనే ఉండిపోయింది, అయితే మీకు ఇల్లుందన్నమాట, చాలా సంతోషమండీ, అని ఆ పిల్ల నిజంగానే సంతోషించి, కాగితం మీద గీత కొట్టి, పక్కనున్న చిట్టమ్మ వైపు తిరిగింది, సిగ్గూ ఎగ్గూ లేని మనిషని తను రోజూ విసుక్కునే చిట్టమ్మ, నాకేటీ నేదమ్మా, ఈ అరుగే నా కొంప, అంది, అంతే, పేరెక్కిపోయింది.

ఆ పిల్లని పిలువు, ఇప్పుడైనా పిలువు, చిట్టమ్మని ఎక్కించుకున్న ఆటో ఇంకా కదల్లేదు, నాను అబద్దమాడినాను తల్లీ, మాకిల్లు నేదు, ఎంత మాటని అది, గురునాథరావుగారు ఇంకా చూస్తూనే ఉన్నారు, ఉక్రోషంతో భార్య మీద విరుచుకుపడ్డాడు, నువ్వైనా సెప్పొద్దేటే, నోరు పడిపోనాదా, గౌరీశ్వరి వాచిన పాదాల మీదికి చీర లాక్కుంటూ, నలుగురిలో నువ్వలగ సెప్పినాక నాను కాదంటే నీ పరువేటవుతాది, అంది, పోన్లే, మన ఇల్లు బాగుండేది గదా, అని కూడా అంది, ఆ గొంతులో కాస్తయినా కోపం లేదు, ఉంటే బాగుండేది, ఆటో కదిలింది, చిట్టమ్మ వెనక సీట్లో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పిల్లల నినాదాలు సందు మలుపు తిరిగి సన్నగిల్లిపోయాయి, మళ్ళీ జల్లు మొదలైంది, గౌరీశ్వరి గోడకి ఇంకాస్త జరిగి కాళ్ళు ముడుచుకుంది, అప్పలసూరి చూస్తూ నిలబడ్డాడు, ఇంటిని తుపాను తీసుకుపోయింది, మంచాన్ని మాత్రం తనే లాక్కున్నాడు, ఆవిడ దగ్గర్నుంచి, తన నోటితోనే.