చేతులు వెనక్కి

మావయ్య లేత్ షాపులో అడుగు పెట్టగానే ఆమె చేతులు ఈనాటికీ వాటంతటవే వెనక్కి పోతాయి. చిన్నప్పటి అలవాటు.

"చూడు, ముట్టుకోకు. వేలు తెగితే మీ అమ్మకి నేనేం చెప్పుకోను?" అనేవాడు మావయ్య. పనిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోడని వీధంతా ఆయన్ని వెంట్రుకవాసి అనే పిలిచేది. తలమీద మాత్రం ఒక్క వెంట్రుకా లేదు. నీలంగా కాలి, మెలికలు తిరుగుతూ రాలే ఇనుప పొట్టు, కటింగ్ ఆయిల్ వాసన, మోటారు హోరు... బడి వదిలాక ఆమె సాయంత్రాలన్నీ అక్కడే, చేతులు వెనక్కి కట్టుకునే గడిచిపోయాయి.

"మెషినింగ్‌లో డిగ్రీ చేస్తాను" అని ఆమె అన్ననాటికి ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్లే లేరు. కాలేజీలు చూపించే పని మావయ్య నెత్తిన పడింది.

మొదటిది అద్దాల మేడ. కంప్యూటర్‌తో నడిచే కొత్త మెషిన్లు గాజుగోడ అవతల మెరుస్తున్నాయి. "మూడో సంవత్సరం దాకా ఎవరినీ లోపలికి పంపం" అన్నాడు చూపించే ఆయన. మావయ్య మురిసిపోయాడు. ఆమె చేతులు వెనక్కి పోయాయి.

రెండోదానిది రేకుల కప్పు. మెషిన్లూ పాతవే. అక్కడి మేడమ్ ఒకావిడ ఏప్రన్ అందించి, "జడ లోపలికి దోపు. రా, తిప్పు" అంది.

"అమ్మో, వద్దండీ" అని మావయ్య అనేలోపే ఆమె చెయ్యి చక్రం మీద పడింది. చెక్కే టూలు లోతుగా దిగిపోయి, మెషిన్‌లో తిరుగుతున్న ఇనుప కడ్డీ నడుముకి పెద్ద గాడి పడింది.

"పాడు చేసేశాను మేడమ్."

"పాడు చెయ్యకుండా ఎవరికొచ్చింది? ఇంకోటి బిగించు."

తిరుగు బస్సులో మావయ్య ఒకటే గొణుగుడు. "పోయి పోయి ఆ రేకుల షెడ్డేంటే? నలుగురూ అడిగితే ఏమని చెప్పను?"

"నాకూ చేతులున్నాయని చెప్పు మావయ్యా."

ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. దిగబోతూ మాత్రం, "గోళ్లు కత్తిరించుకో. ఆవిడ జడ సంగతి చెప్పింది గానీ గోళ్ల సంగతి మర్చిపోయింది" అన్నాడు.

పట్టా చేతికొచ్చి ఏళ్లయింది. ఇవాళ షాపులో రేడియో పక్కన, నడుముకి గాడి పడ్డ ఆ కడ్డీ కనిపించింది.

"ఇది నీ దగ్గరుందా?"

"ఆ రోజే అడిగి తెచ్చుకున్నా. ఇంత చెత్త పీసు నా షాపులో ఇంకోటి లేదు మరి."

మావయ్యకి ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. లేత్ ముందు నుంచి మెల్లగా పక్కకి జరిగాడు.

"ఏంటలా చేతులు కట్టుకు నిలబడ్డావు? రా, తిప్పు."