చేదు నెయ్యి దీపం

కోరుట్ల నుంచి వచ్చిన శంకరవ్వ ఆశ్రమంలో చేరిన గంటలోపే డాక్టర్ మహేశ్‌ను ఆరు ప్రశ్నలు అడిగింది.

“ఇరవై ఒక్క దినాలు చాయ్ లేకుంటే తలకాయ నొయ్యదా సారూ?”

“నొస్తది. మూడు దినాలకు అదే ఊకుంటది.”

“ముక్కుల పోసిన నీళ్లు నెత్తిలకు పోవా?”

“పోవు. రెండో ముక్కుల నుంచి బయటికస్తయి.”

“మరి రెండో ముక్కు మూసుకపోయినోళ్లకో?”

డాక్టర్‌ది పక్కనే ఉన్న బుగ్గారం ఊరు. చీటీ రాస్తున్న కలం కింద పెట్టి నవ్వాడు. “అమ్మా, ఇగ దినానికి ఒక్కటే ప్రశ్న. పొద్దుగాల నేను నాడి చూసినప్పుడు అడుగుండ్రి. అన్నీ ఇయ్యాల్నే అడిగితే రేపటి సంది ఏం మాట్లాడుకుందాం?”

“నేను ఇరవై ఆరేండ్ల సంది జవాబులు చెప్తున్న సారూ. ఇగ మీ వంతు,” అన్నాడు ఆమె భర్త హన్మండ్లు. అతను బస్సు కండక్టరు. మర్నాటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. నాలుగైదు రోజుల్లో బస్సులు కూడా ఆగుతాయని చెప్పుకుంటున్నారు. అందుకే పెళ్లాన్ని ముందుగానే తెచ్చి, జగిత్యాల నుంచి సారంగాపూర్ పోయే దారిలో మామిడితోట మధ్య ఉన్న ఈ ఆయుర్వేద ఆశ్రమంలో దింపాడు.

శంకరవ్వ వచ్చింది చేతుల కోసం. పదమూడో ఏట నుంచి బీడీలు చుట్టిన చేతులవి. రెండేళ్ల కింద అరచేతుల్లో దురద మొదలైంది. తర్వాత పొక్కులు లేచి, చర్మం పగిలి, రసి కారడం మొదలైంది. రాసిన మలాములన్నీ పది రోజులు నిమ్మళం చేసేవి, పదకొండో రోజు మళ్లీ మొదటికి వచ్చేది. బీడీల చాట పక్కన పెట్టేసింది. అది పోయినందుకు ఆమెకు పెద్ద బాధ లేదు. బాధ వేరే ఉంది.

పోయిన ఏడాది, పండగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మనాడు బతుకమ్మను నీళ్లలో వదిలాక, అందరిలాగే ఆమె కూడా రొట్టె, బెల్లం కలిపిన మలీద గిన్నె పట్టుకుని వాయినం పంచడానికి లేచింది. యారాలు గంగవ్వ, అంటే మరిది భార్య, వచ్చి మెల్లగా గిన్నె అందుకుంది. “నువ్వు కూసో అక్కా. నేను పంచుత గాని,” అంది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి మొహంలోనూ అసహ్యం కూడా కనిపించలేదు. ఆడవాళ్లంతా గంగవ్వ వైపు జరిగారు, అంతే. ఎవరైనా ఒక మాట అని ఉంటే ఎదురు జవాబు చెప్పేది. ఏమీ అనకపోయేసరికి ఏడాదిగా ఆ గిన్నె ఆమె మనసులోనే ఉండిపోయింది.

ఇరవై ఒక్క రోజులు లెక్క వేసుకుంటే సద్దులకు రెండు రోజుల ముందు ఇంటికి చేరుతుంది. ఈసారి వాయినం తన చేతులతో పంచాలి. ఆమె కోరిక అదొక్కటే.

*

ఆశ్రమంలో అన్నీ వింతగానే ఉన్నాయి. తెల్లవారుజామున గంట కొడతారు. లేవగానే రాగి బద్దతో నాలుక గీసుకోవాలి. కొమ్ముచెంబుతో ఒక ముక్కులో ఉప్పునీళ్లు పోస్తే నిజంగానే రెండో ముక్కులోంచి ధార కట్టాయి. శంకరవ్వ ఆ రోజంతా ముక్కు తడుముకుంటూనే ఉంది. యోగా నేర్పే కల్పన శవాసనం వేయమంటే, “బతికున్నోళ్లకు గీ పేరేంది బిడ్డా?” అని అడిగి, జవాబు వచ్చేలోపే గురక పెట్టింది.

ఆమె గదిలో ఉండే రెండో మనిషి మున్నీ. సిరిసిల్లలో లంగాలు కుట్టి కుట్టి నడుము పట్టేసిన మనిషి. మొదటి రోజు ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టినప్పుడు చెక్కమూత మూసి, తల ఒక్కటే బయట ఉంచారు.

“అక్కా, నన్ను జూడు. సంతల ఆడే బుడ్డర్‌ఖాన్ బొమ్మ లెక్క లేనూ?” అంది మున్నీ, చెమట కళ్లలోకి కారుతుంటే.

“మాట్లాడకు చెల్లె. నీ మాటల ఆవిరి గూడ కలుస్తున్నది.”

నాలుగో రోజు నుంచి నెయ్యి మొదలైంది. వేప, తిప్పతీగ, ఇంకా ఏవో చేదు మూలికలు వేసి కాచిన ఆవునెయ్యి. పొద్దున్నే ఖాళీ కడుపున గోరువెచ్చగా తాగాలి. మొదటిరోజు చిన్న గ్లాసులో పావు, మర్నాడు ఇంకొంచెం, అట్లా ఏడు రోజులు పెంచుకుంటూ పోతారు. ఒళ్లంతా లోపలినుంచి నెయ్యి పట్టాక, మూడు రోజులు నూనె మర్దన, ఆవిరి. ఆ తర్వాత ఒకరోజు విరేచనానికి మందు. లోపలి మలినాలు నెయ్యితో జారి, ఆవిరికి కరిగి, ఆ ఒక్కరోజు బయటికి పోతాయని డాక్టర్ చెప్పాడు. ఆపైన వారంపాటు గంజితో మొదలుపెట్టి మెల్లమెల్లగా అన్నంలోకి రావాలి.

“నెయ్యి సాలు అని ఒళ్లే చెప్తది. చర్మం మెత్తబడతది. నెయ్యి పేరెత్తితే డోకొస్తది. గప్పుడు ఆపుతం,” అన్నాడు.

మందు ఇచ్చే బాలమణి గ్లాసు చేతికిచ్చి తాగేదాకా నిలబడేది. “దేవునికి మొక్కుకొని తాగుత,” అని శంకరవ్వ మాత్రం గ్లాసుతో గదికి పోయేది. అందులో అనుమానించడానికి బాలమణికి ఏమీ కనిపించలేదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా దేవుణ్ని తలుచుకునే మనిషే కదా.

ఐదో గ్లాసుకల్లా మున్నీ ముక్కు మూసుకుంది. “తోబా. మా ఇంట్ల బిర్యానీల నెయ్యి తక్కువైందని కొట్లాడేదాన్ని. ఇప్పుడు పేరెత్తితే పేగులు బయటికస్తున్నయి. నీకేం గాదేందక్కా?”

“నాకేం గాలే,” అంది శంకరవ్వ.

నెయ్యి మొదలైన ఏడో రోజు పొద్దున డాక్టర్ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు. పొక్కులు కొంచెం తగ్గాయి గాని చర్మం ఎండుటాకులా గరుకుగానే ఉంది.

“డోకొస్తలేదా?”

“లేదు సారూ.”

“గింత నెయ్యి తాగి గిట్లున్నోళ్లను నేను జూడలే,” అన్నాడు. తన లెక్కే తప్పిందేమోనని కాగితాలు తిరగేశాడు. “ఇయ్యాల మీ ప్రశ్నేంది?”

శంకరవ్వ కిందికి చూసింది. “ఇయ్యాల ఏం లేదు సారూ.”

అందరూ ఆశ్చర్యపోయింది దానికే.

*

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. బొగ్గుబావుల్లో కూడా సమ్మె నడుస్తోంది, కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. డాక్టర్ టార్చిలైటు పట్టుకుని ఒక్కో గదిలో లాంతరు ఇస్తూ వచ్చాడు. శంకరవ్వ గది ముందు ఆగాడు. లోపల అప్పటికే వెలుతురు ఉంది. గోడగూట్లో అమ్మవారి పటం ముందు ప్రమిద వెలుగుతోంది. దానికంటే ముందు వాసన వచ్చింది. రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడి కాచినవాడికి తన నెయ్యి వాసన తెలియకుండా ఉండదు.

“అమ్మా, గీ నెయ్యి ఎక్కడిది?”

శంకరవ్వ మంచం మీంచి లేచి నిలబడింది. అబద్ధం ఆమె నోటికి రాదు. పెట్టె వెనకనుంచి మూత బిగించిన సీసా తీసి చూపించింది. సగానికిపైగా నెయ్యి ఉంది.

“దినాం సగం తాగిన సారూ. సగం దేవునికి తీసిన.”

మున్నీ రెండు చేతులతో తల పట్టుకుంది. “అక్కా, నేను తాగలేక ఏడుస్తుంటే నువ్వు దీపాలు పెడుతున్నవా?”

“ఎందుకు?” అన్నాడు డాక్టర్. అతని గొంతులో కోపం కంటే తెలుసుకోవాలన్న తపనే ఎక్కువగా ఉంది.

శంకరవ్వకు చెప్పడం కష్టమైంది. వాళ్ల ఇంట్లో నెయ్యి అంటే ముందు దేవుడి దీపానికి, తర్వాత పిల్లల పప్పులోకి. ఆమె పళ్లెంలోకి చెంచాడు వస్తే అది పండగ. అట్లాంటిది గ్లాసెడు నెయ్యి తానొక్కతే తాగడం దేవుడి సొమ్ము దొంగిలించినట్టు అనిపించింది. దేవుడికి సగం ఇస్తే తనలోకి పోయిన సగం రెండింతలు పనిచేస్తుందని కూడా నమ్మింది. “మందు మీ చేతుల ఉన్నది. గుణం ఆయన చేతులనే ఉన్నది గద సారూ.”

డాక్టర్ మంచం పట్టె మీద కూర్చున్నాడు. “అన్నీ అడిగిండ్రు. గీ ఒక్కటి ఎందుకు అడగలే?”

“అడిగితే వద్దంటరని.”

ప్రమిదలో వత్తి చిటపటలాడింది.

“ఇప్పుడు రెండే తొవ్వలున్నయి,” అన్నాడు డాక్టర్ చివరికి. “గోలీలు రాసిస్త, తీసుకొని ఇంటికి పోవచ్చు. లేకుంటే రెండు దినాలు ఆగి నెయ్యి మళ్ల మొదటి సంది తాగాలె. తాగితే చేతులు బాగయితయని నాకు నమ్మకం ఉన్నది గని, కాయితం మీద రాసియ్యమంటే రాసియ్య. అట్లయితే సద్దులకు మీరు ఇంట్ల ఉండరు. గంజి మీద ఉంటరు, గీన్నే.”

మర్నాడు హన్మండ్లు మోటరు సైకిలు మీద వచ్చాడు. బస్సులు ఆగి నాలుగు రోజులైంది. దారిలో రెండుచోట్ల రాస్తారోకోలో ఇరుక్కుని, అక్కడే వండి పెట్టిన అన్నం తిని, మెడలో గులాబీ కండువాతో దిగాడు. సంగతంతా విని చాలాసేపు నవ్వాడు.

“నైవేద్యమంటే చూపెట్టుడే గదనే. నువ్వు పరమాన్నం వండితే సగం దేవుని మీద పోస్తవా? చూపెట్టి మనమే తింటం. మనం తిన్నా ఆయనకు పోయినట్టే.”

శంకరవ్వ భర్త మొహంలోకి చూసింది. ఇంత చిన్న సంగతి తనకు ఎందుకు తోచలేదు? ఇరవై ఆరేళ్లుగా నైవేద్యం పెడుతున్నది తానే కదా. అన్నం అయితే తోచేది. మందు అనేసరికి అది ఎవరిదో అనుకుంది. తన ఒంటికి పెట్టేది కూడా దేవుడికి చూపించి తినే అన్నమే అని ఎన్నడూ అనుకోలేదు.

“ఇంటికి పోదామా మరి?” అన్నాడు హన్మండ్లు. “గంగవ్వ అడుగుతున్నది.”

“గంగవ్వనే పంచుమను ఈయేడు,” అంది శంకరవ్వ. “నేను ఉంట.”

*

రెండోసారి నెయ్యి మొదలైన పొద్దున ఆమె గ్లాసును గూటి ముందు పెట్టి, చేతులు జోడించి, బాలమణి చూస్తుండగా చుక్క మిగలకుండా తాగింది. నాలుగో రోజుకు బాలమణి గడపలో కనిపిస్తేనే కడుపులో తిప్పింది. డాక్టర్ చెయ్యి తడిమి, “ఇగ నెయ్యి సాలు,” అన్నాడు. బాలమణి మూడు రోజులు ఆ అరచేతులను నూనెతో ఒత్తింది. పగుళ్ల మధ్య వేలు పెట్టి, గోళ్ల మొదళ్ల దాకా, విసుక్కోకుండా ఒత్తింది. ఆ తర్వాత విరేచనం రోజు. దాని గురించి శంకరవ్వ ఎవరికీ ఎక్కువ చెప్పలేదు. సాయంత్రానికి గోడ పట్టుకుని నడిచిందనీ, ఒళ్లు మాత్రం కడిగిన కుండలా తేలికైందనీ మున్నీతో చెప్పింది. మున్నీ చికిత్స అప్పటికే అయిపోయింది గాని, సిరిసిల్లకు బస్సు లేక ఉండిపోయింది.

గంజి మొదలైన రెండో రోజు సద్దుల బతుకమ్మ.

ఆశ్రమం ముందు రోడ్డు మీదే ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టారు. ఊళ్లో ఆడకుండా రోడ్డు మీద ఆడితే రాస్తారోకో కూడా అవుతుందని పక్క పల్లె వాళ్లంతా అక్కడికే వచ్చారు. బతుకమ్మల మధ్య జెండాలు పాతారు. పాటల నడుమ జై తెలంగాణ అంటున్నారు. శంకరవ్వ తోట గట్టున దొరికిన తంగేడు, గునుగు తెచ్చి తానే పేర్చింది. కాడలు గుచ్చుకుంటే నొప్పి తెలిసింది గాని రసి రాలేదు. అరచేతులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల పొట్టు లేస్తోంది. పూర్తిగా బాగుపడిన చేతులు కావవి.

వంటింట్లో జొన్నరొట్టె, బెల్లం కలిపి మలీద చేసింది. వాసన ముక్కుకు తగులుతుంటే కడుపు గంజి కోసం కాకుండా దానికోసమే అరిచింది. రుచి చూడలేదు.

రోడ్డు పక్క కాలువలో బతుకమ్మలు వదిలాక ఆమె గిన్నె పట్టుకుని లేచింది. “ఇస్తినమ్మ వాయినం,” అంది. ఎదురుగా ఉన్న ముసలామె కొంగు చాపి, “పుచ్చుకుంటినమ్మ వాయినం,” అంది. ఆ పక్కామె తీసుకుంది. ఇంకొకామె తీసుకుంది. ఎవరూ చేతుల వైపు చూడలేదు.

ఐదారుగురికి పెట్టాక శంకరవ్వ చెయ్యి ఆగింది. వీళ్లకు తన సంగతి ఏం తెలుసు? పొద్దు వాలింది, రోడ్డు మీద వెలుతురు సరిగ్గా లేదు. తెలియక తీసుకున్నది లెక్కలోకి వస్తుందా?

అప్పుడు వరసలో బాలమణి ముందుకు వచ్చింది. పండగ చీర కట్టుకుని, తలలో బంతిపువ్వు పెట్టుకుంది. ఆ చేతుల్లో ఏ పగులు ఎంత లోతు ఉండేదో శంకరవ్వకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. శంకరవ్వ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

“ఏందవ్వా, నాకు పెట్టవా?” అంది బాలమణి, కొంగు చాపుతూ. “అందరికి పెట్టి నా దగ్గరికచ్చేసరికి ఒడిసిందా?”

“ఇస్తినమ్మ వాయినం,” అంది శంకరవ్వ. ముద్ద తీసి ఆ కొంగులో పెట్టింది.

“పుచ్చుకుంటినమ్మ వాయినం.” బాలమణి అక్కడే నిలబడి తిని, కొంగులో మిగిలింది కూడా ఏరుకుంది. “బెల్లం జర ఎక్కువైంది,” అంది.

గిన్నె అడుగున ఒక ముద్ద మిగిలింది. ప్రసాదం పారెయ్యకూడదు, పథ్యంలో ఉన్న తాను తినకూడదు. శంకరవ్వ చుట్టూ చూసింది. గేటు దగ్గర అరుగు మీద కూర్చుని పాటలకు తల ఊపుతున్న మున్నీ కనిపించింది.

“నువ్వు తింటవా చెల్లె? ఏమన్న అడ్డమా?”

“మలీదకేం అడ్డం? మా దర్గాల గూడ పెడతరు,” అని మున్నీ చెయ్యి చాపింది. నోట్లో వేసుకుని కాసేపు నమిలి అడిగింది. “అక్కా, గిండ్ల నెయ్యి పోసినవా?”

“ఒక్క చుక్క పొయ్యలే.”

“అల్లా, బతికిన,” అంది మున్నీ.

లోపల గంజి వేళ గంట మోగింది. శంకరవ్వ గిన్నె కడుక్కుని, తడి అరచేతులను లాంతరు దగ్గరగా పెట్టి చూసుకుంది. రేపు పొద్దున డాక్టర్‌ను ఏం అడగాలో ఆమెకు అప్పుడే తోచింది. గంజిని కూడా దేవుడికి చూపించి తాగొచ్చా అని.