ఆదివారం నాటి రాజు

కోల్డ్‌హీత్ మైదానంలో పాత రాజు చనిపోయాడన్న కబురు మా థార్న్‌వైక్‌కి బుధవారం చేరింది. ఆయన తరఫున యుద్ధానికి మా ఊరి నుంచి నలభై మంది వెళ్లారు. పదకొండు మంది తిరిగొచ్చారు. బాణాలు చేసే థర్‌స్టన్ రాలేదు. అతని భార్య ఎమ్మోట్ దుకాణం ముందు కూర్చుని బాతు ఈకలు చీలుస్తూ, వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి అడిగింది. చివరికి కమ్మరి ఆమె పక్కన కూలబడి, అతను పడిపోవడం కళ్లారా చూశానని చెప్పాడు. ఆమె ఒళ్లోని ఈకలు దులుపుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

నేను పట్టణ సభకు లేఖకుణ్ణి. వాళ్ల ఎదురిల్లే మాది.

కొత్త రాజు గురించి మాకు తెలిసింది కొంచెమే. ఎప్పుడో ఏలిన రాజుగారి కూతురికి మనవడట. పరాయి దేశంలో ఒకరి పంచన పెరిగాడట. నాలుగు ఓడల మనుషులతో పడమటి తీరాన దిగి, దారిలో ఇద్దరు ముగ్గురు ప్రభువులను కలుపుకున్నాడు. అయినా పాత రాజు బలమే ఎక్కువ. కానీ పాత రాజు పినతండ్రి కొడుకు, రేవెన్స్‌గార్త్ ప్రభువు, తన సైన్యంతో గుట్ట మీద నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. ఆ పూట ఎవరు గెలిచినా అలసిపోయి ఉంటారు, తర్వాత తన వంతు వస్తుందని ఆయన లెక్క. అలా కొత్త రాజుకు కిరీటం దొరికింది గాని, అది తల మీద నిలవాలి కదా. అందుకని పాత రాజు అన్న కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. దాంతో సగం దేశం మెత్తబడింది. మెత్తబడని సగం మా ఉత్తరదేశం. రేవెన్స్‌గార్త్ ఇక్కడి కొండల్లోనే మనుషుల్ని కూడగడుతూ, కిరీటం తనకు రావలసిందని చెప్పుకుంటున్నాడు.

ఆ చలికాలం లండన్ నుంచి ఒక శాసనం వచ్చింది. దాన్ని సభలో చదవాల్సినవాణ్ణి నేనే. కొత్త రాజు ఏలుబడి యుద్ధం జరిగిన సోమవారం నాడు కాక, ముందురోజు ఆదివారమే మొదలైందట. అంటే సోమవారం పాత రాజు తరఫున విల్లెత్తినవాడల్లా ద్రోహి. ద్రోహి ఇల్లూ వాకిలీ రాజుగారివి. 

వారం తిరక్కుండా జప్తు అధికారి వచ్చి ఎమ్మోట్ తలుపు మీద సుద్దతో గుర్తు పెట్టాడు. ఈస్టరు పండగ దాకా గడువిచ్చాడు. ఆ సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చింది.

"మా ఆయన్ని వెళ్లమని చాటింపేసింది మీ సభే కదన్నా?"

అవునన్నాను.

"రాజుగారు పిలుస్తున్నారనే వేశారు. అప్పుడు ఏ రాజో చెప్పలేదేం? రాజుకి ఇంకో రాజు కూడా ఉంటాడని ఆయనకేం తెలుసు?"

 ఆమె తరఫున మూడు అర్జీలు రాసి పంపాను. ఒక్కదానికీ సమాధానం రాలేదు.

గడువు ఇంకా పది రోజులుందనగా రాజే మా ఊరు వచ్చాడు. రేవెన్స్‌గార్త్ కదిలేలోపు ఉత్తరాన ఒక్క కోట ఊరైనా తన పక్షాన ఉండాలని ఆయన ఆరాటం. నగర పెద్ద సభామందిరంలో విందు పెట్టాడు. చేపల వంటకాలు వడ్డిస్తుండగా ఎమ్మోట్ నడిచి లోపలికి వచ్చింది. భటులు పట్టుకోబోతే రాజు వద్దన్నాడు. సన్నటి మనిషి, ముప్పై కూడా దాటలేదు. మా భాషే మాట్లాడినా ఎక్కడో పరాయి యాస తగులుతుంది. ఏం కావాలమ్మా అని అడిగాడు.

"ఒక్క సంగతి తెలుసుకోవాలి ప్రభూ. యుద్ధానికి ముందు, ఆ ఆదివారం, మీరెక్కడున్నారు?"

నగర పెద్ద ముఖం పాలిపోయింది. రాజు చేతిలోని రొట్టె పళ్లెంలో పెట్టాడు.

"ఒక గొర్రెల కొట్టంలో. వాన పడుతోంది. తెల్లారితే చస్తానని రాత్రంతా కన్ను మూతపడలేదు."

"అప్పటికి మీరు రాజేనా?"

రాజు వెంట వచ్చిన న్యాయవాది పక్కనుంచి లేవబోయాడు. రాజు అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"కాదు."

"మా ఆయనకి తెలిసిన రాజు ఒక్కడే. ఆ రాజు రమ్మంటే వెళ్లాడు. అలా వెళ్లినందుకు కొంప పోతుందంటే, రేపు మీరు రమ్మంటే ఎవడొస్తాడు దొరా? ఈ ఊళ్లో ప్రతివాడూ ముందు నా తలుపు మీద సుద్ద గుర్తు చూసుకుంటాడు. ఆ తర్వాతే విల్లు ముట్టుకుంటాడు."

రాజు ఏమీ మాట ఇవ్వలేదు. థర్‌స్టన్ పేరు మాత్రం అడిగి తెలుసుకున్నాడు. విందులో ఇంకేం తినలేదు. తర్వాత న్యాయవాదికీ ఆయనకీ చాలాసేపు వాదన జరిగిందని వంటవాళ్లు చెప్పుకున్నారు. మర్నాడు సంతలో చాటించారు: తమ కాలపు రాజు పిలుపు మీద వెళ్లినవాడు ఎవడూ ద్రోహి కాడు, వాళ్ల ఇళ్లు వాళ్లవే. కోల్డ్‌హీత్‌లో గోతుల్లో పడేసిన శవాలను తీయించి, రెండు పక్షాల వాళ్లకూ కలిపి ఒక ప్రార్థనాలయం కట్టిస్తారు.

రేవెన్స్‌గార్త్ అంటే భయంతోనే రాజు ఇంత చేశాడని కొందరన్నారు. కావచ్చు. భయపడి ఊళ్లు తగలబెట్టిన రాజులను కూడా చూశాను నేను.

జూన్ నెలలో రేవెన్స్‌గార్త్ మూడు వేల మందితో మా కోటగుమ్మం ముందు దిగాడు. మా గోడలు దొరికితే ఆయన్ని ఏడాదైనా కదిలించలేరు. నగర పెద్ద ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. సభలో సగం మంది తలుపు తీద్దామన్నారు, ఎంతైనా పాత రాజు రక్తం కదా అని. ఆ ప్రభువు కూడా కింద నుంచి అదే మాట అన్నాడు. కోల్డ్‌హీత్‌లో మీ మగవాళ్లు ప్రాణాలిచ్చింది మా వంశం కోసమే, వాళ్ల మొహం చూసైనా తలుపు తీయండన్నాడు.

గోడ మీద బాణాల కట్టలు మోస్తున్న ఆడవాళ్లలో ఎమ్మోట్ ఉంది. కట్ట దింపి ముందుకు వంగింది.

"మావాళ్లు చస్తుంటే ఆ సోమవారం తమరెక్కడున్నారు దొరా?"

 ఆయన గుర్రం ఒక అడుగు వెనక్కి వేసింది. గోడ మీద ఎవరో నవ్వారు, తర్వాత ఇంకొకరు. కమ్మరి వెళ్లి తలుపుకు అడ్డంగా రెండో దూలం బిగించాడు. నగర పెద్దను ఎవరూ అడగలేదు.

మూడు రోజులు ముట్టడించారు. రెండుసార్లు గోడ ఎక్కబోయి దెబ్బతిన్నారు. మావాళ్లు ఆరుగురు పోయారు. నాలుగో రోజు దక్షిణపు దారిలో రాజుగారి జెండాలు కనబడగానే ఆ మూడు వేల మందీ చెల్లాచెదురయ్యారు. రేవెన్స్‌గార్త్ సముద్రం దాటి పారిపోయాడు. ఆ తర్వాత ఆ కిరీటం నాదన్నవాడు లేడు.

మరుసటి ఏడు ఎమ్మోట్ కోల్డ్‌హీత్ వెళ్తానంటే తోడు వెళ్లాను. ప్రార్థనాలయానికి ఇంకా కప్పు పడలేదు. ఎముకలన్నీ కలిసిపోయాయని, ఎవరివి ఏవో, ఎవరు ఏ పక్షమో చెప్పడం తమ వల్ల కాలేదని అక్కడి పాదిరి బాధపడుతూ చెప్పాడు. ఆమె ఎముకల మీద కప్పిన రాతిపలక దగ్గరికి వెళ్లి దాని మీద దుమ్ము చేత్తో తుడిచింది.

"ఆయన ఎవడితోనైనా పోట్లాడి, మర్నాడు వాడితోనే కూర్చుని తాగే మనిషి. ఈపాటికి వాళ్లందరితో సర్దుకునే ఉంటాడు."

పాదిరి ఇచ్చిన రొట్టె ఇద్దరం తిని, పొద్దుండగానే తిరుగుదారి పట్టాం.