పొద్దున పనిచేసినై

మూడో కిట్టు దగ్గరికి వచ్చేసరికి సాలమ్మ వేలు తొందరపడి 3E బదులు 3D నొక్కింది. నాలుక కరుచుకుని, రీసెట్ కొట్టి, ఐదుకు మూడు కలపమని కిట్టుకు చెప్పే అంకెలు మళ్లీ మొదలుపెట్టింది. 3E, 05. 06, 03. 80. తర్వాత 32, 50, 80. చివర 76 కొట్టి నడిపించింది. జవాబు దాచుకునే చోటు 8050 తెరిచి చూస్తే ఎర్రటి అంకెల్లో 08 వెలిగింది. ఐదూ మూడూ ఎనిమిది. రిజిస్టరులో 'పనిచేస్తున్నది' అని రాసి సంతకం పెట్టింది.

యూనివర్సిటీలో మైక్రోప్రాసెసర్ ల్యాబు రెండో అంతస్తులో ఉంది. పుస్తకమంత పచ్చటి పలక, దాని మధ్యలో నలభై కాళ్ల నల్లటి 8085 చిప్పు, కింద అరిగిపోయిన మీటలు. అలాంటి కిట్లు పదహారు. వాటిలో పదకొండు ఇంకా నడుస్తున్నాయి. భర్త పోయాక ఆయన అటెండరు ఉద్యోగం సాలమ్మకిచ్చి ఇరవై రెండేళ్లయింది. ఏడో తరగతి చదువు. మొదట్లో ఆ మీటలు ముట్టుకోవాలంటే షాకు కొడుతుందని చేతులు వెనక్కి పెట్టుకునేది. ఇప్పుడు బియ్యంలో రాళ్లేరినంత తేలిగ్గా వేళ్లు వాటి మీద తిరుగుతాయి.

కిట్లను తీసేస్తారని విన్న దగ్గర్నుంచి, ఇవాళ మాత్రం ఆమె ఒకచోట నిలవడం లేదు. తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది. కిటికీ తీసింది, మూసింది.

"ఏందాంటీ, గట్ల తిరుగుతున్నవ్? కాళ్లకు చక్రాలు కట్టుకున్నవా?" అంది నవత. ఇక్కడే చదివి, ఇక్కడే గెస్ట్ లెక్చరరుగా చేరిన పిల్ల.

"నీకేం బిడ్డా, నీ కిట్టు సంచిల పెట్టుకొని తిరుగుతవ్."

నవత నవ్వి లాప్‌టాప్ తెరిచింది. "దీంట్ల ఉన్నది కూడా మీ కిట్టు మనుమడే. ఎనభై యాభై అనే అడ్రసును యాభై ఎనభై అని తిరగేసి కొడతవ్ గదా, ఇది కూడా లోపల గట్లనే రాసుకుంటది. నలభై ఏండ్లు దాటింది, ఆ బుద్ధి పోలే."

"ఇంటోళ్ల పోలికలు యాడికి పోతయ్!" అంది సాలమ్మ. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

పదకొండింటికి డిపార్టుమెంటు హెడ్డు భానుప్రకాశ్ కాగితం పట్టుకుని వచ్చాడు. పదహారు వరసలు, ప్రతి వరసకూ ఎదురుగా 'పనిచేయదు' అని టైపు చేసి ఉంది.

"మూడింటికి కమిటీ వస్తది సాలమ్మా. అన్నీ ఖరాబైనయని రాస్తేనే కొత్త కంప్యూటర్లు సాంక్షన్ అయితయి. నువ్వు సంతకం పెట్టు, అయిపాయె."

"పదకొండు నడుస్తున్నయ్ సార్."

"నాకు తెల్వదా? అరవై మంది పిల్లలకు పదకొండు డబ్బాలు ఏం సరిపోతయి? రేపట్నుంచి నిన్ను ఎగ్జామ్ బ్రాంచికి వేసిన్రు, గాడ ఫ్యాన్ కింద కూర్చుంటవ్. ఒక్క సంతకానికి గింత ఆలోచనా?"

ఒక్క సంతకమే. చేరిన రెండో ఏడు ఒళ్లు నలతగా ఉండి, చూడకుండానే అన్నిటికీ 'పనిచేస్తున్నది' అని పెట్టేసింది. పరీక్షలో పరశురాం అనే పిల్లవాడికి వచ్చిన కిట్టు వెలగలేదు. వేరే కిట్లు ఖాళీ లేవు. మూడు గంటలూ ఆ చీకటి అంకెల ముందే కూర్చున్నాడు. తప్పాడు. ఆ తర్వాత కాలేజీకి రాలేదు. ఏమయ్యాడో ఎవర్ని అడగాలో సాలమ్మకు తెలియలేదు. అప్పటినుంచి నొక్కి చూడనిదే ఆమె సంతకం పెట్టలేదు, జ్వరమొచ్చినా సరే. పిల్లలకు కంప్యూటర్లు రావద్దని ఆమె ఎలా అంటుంది? కళ్లతో చూసినదాన్ని చూడలేదని ఎలా రాస్తుంది?

అన్నం డబ్బా తెరవలేదు. కాగితం జిరాక్సు కోసం ఎండలో తార్నాక దాకా నడిచింది. మెట్రో కింద ఆటోవాళ్ల అరుపులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. జిరాక్సు కొట్టు పక్కన మొబైల్ రిపేరు మనిషి వెలుగుతున్న ఫోను ఆపి, విప్పి, లోపలినుంచి ఏదో చిన్న ముక్క పైకి లేపాడు. మళ్లీ ఆన్ చేస్తే తెర నల్లగా ఉంది. సాలమ్మ చిల్లర తీసుకోవడం కూడా మరిచి వెనక్కి నడిచింది.

రెండింటికి ల్యాబు తలుపు దగ్గరికేసింది. మొదటి కిట్టు నొక్కి చూసింది. 08. స్విచ్చి ఆపింది. కిట్టుకు నడక నేర్పే చిప్పు వేరే ఉంటుంది, నడుమనున్న గాజు కన్ను మీద ఎండ పడకుండా స్టిక్కరు అంటించినది. సన్నటి స్క్రూడ్రైవరు దాని కిందికి పోనిచ్చి ఒక కొస, మరో కొస మెల్లగా లేపింది. చిన్నపిల్ల పాలపన్నులా ఊడి అరచేతిలో పడింది. మళ్లీ స్విచ్చి వేసింది. ఏమీ లేదు. మీట నొక్కినా లేదు. అప్పుడు ఆ వరస పక్కన సంతకం పెట్టింది.

రెండోది. మూడోది. ఏడో దాని దగ్గర 08ని కాసేపు చూస్తూ నిలబడి, తర్వాత ఆపింది.

కమిటీ వాళ్లిద్దరూ నిలబడే నాలుగు స్విచ్చిలు వేసి చూశారు. చీకటి. సంతకాలు చేసి, టీ తాగి వెళ్లారు. భానుప్రకాశ్ మాత్రం ఒక్కో మీటా నొక్కుతూ ఆగిపోయాడు.

"పొద్దున పనిచేసినై గదా సాలమ్మా?"

"పొద్దున పనిచేసినై సార్."

ఆయన ఆమె ముఖం చూశాడు, బల్ల మీది స్క్రూడ్రైవరు చూశాడు.

నాలుగున్నరకు తుక్కు కొనేవాళ్ల ట్రాలీ ఆటో వచ్చింది. పదహారు కిట్లనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, తాడు బిగించి తీసుకెళ్లారు. సాలమ్మ మెట్ల దాకా వచ్చింది, కిందికి దిగలేదు. ఆటో గేటు దాటాక తాళంచెవి నవత చేతిలో పెట్టింది.

"రేపు చాయ్‌కి వస్తవా ఆంటీ?"

"ఎగ్జామ్ బ్రాంచిల ఎప్పుడు విడుస్తరో ఏమో బిడ్డా," అని చెంగు దోపుకుని అడిక్‌మెట్ వైపు నడిచింది.

ఖాళీ ల్యాబులో, కిటికీకి దూరంగా, ఆఖరి బల్ల మీద ఒక థర్మకోల్ ముక్క ఉంది. పదకొండు చిప్పులు దాంట్లో కాళ్లు గుచ్చుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ఎండ తగిలితే నేర్చినదంతా మరిచిపోతాయి కాబట్టి, స్టిక్కరు ఊడిపోయిన ఒకదాని గాజు కన్ను మీద, వేలి గాయానికి వేసే ప్లాస్టరు ముక్క ఒత్తి అంటించి ఉంది.