ఈశాన్యంలో ట్రాన్స్‌ఫార్మర్

జగన్నాథరావుగారికి కాకినాడలో మోటారు స్టార్టర్లు తయారుచేసే షెడ్డొకటి, ఊరవతల రెండు రొయ్యల చెరువులూ ఉన్నాయి. వాటన్నిటికంటే వాస్తు పిచ్చి ఎక్కువుంది. తొంభైల్లో ఆ పిచ్చి పట్టనివాడెవడు లెండి! నిక్షేపంలాంటి మెట్లు పగలగొట్టి మళ్లీ కట్టించుకుంటున్న రోజులవి. ఆయన ఇంట్లో పగలగొట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. అందుకని సిద్ధాంతిగారిని షెడ్డుకి తీసుకొచ్చారు.

ఆ షెడ్డులో పనిచేసే కామేశం ఇన్నేళ్లూ ఎవరెవరివో బోర్డులు చూసి కాపీ కొట్టి, మొట్టమొదటిసారి సొంతంగా ఒక సర్క్యూట్ బోర్డు గీశాడు. కరెంటు పోయి వస్తే చెరువులో గాలి కొట్టే చక్రాలు వాటంతటవే తిరగాలి. లేకపోతే ఊపిరాడక రొయ్యలు చస్తాయి. ఆ చక్రాలను తిప్పే బోర్డది. ఒక్క తీగముక్క వేలాడకుండా ముచ్చటగా కుదిరింది. ఇది నిలబడితే తన పేరు నిలబడుతుందని అతని ఆశ.

సిద్ధాంతిగారు బోర్డును నిలబెట్టి చూసి నాలిక కరుచుకున్నారు. పైన కుడిమూల, అంటే ఈశాన్యంలో, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఈశాన్యంలో బరువుంటే యజమాని మునిగిపోతాడట. కింద ఎడమమూలకి, నైరుతికి దించమన్నారు.

"ఇదేం ఇల్లు కాదండి, పెట్టెలో బిగించే బోర్డండి" అన్నాడు కామేశం.

"పెట్టెకి మాత్రం మూలలుండవేంటండి?" అన్నారు జగన్నాథరావుగారు.

కామేశం ఏడవలేక నవ్వుతూ కూర్చుని, రాగిగీతలు బ్లేడుతో కోసి, ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి నైరుతిలో బిగించి, పాత చోటికి జానెడేసి తీగలు లాగి టంకం పెట్టాడు. రెండో చెరువుకని చేసిన బోర్డు మీద బ్లేడు పెట్టబోతే చెయ్యి రాలేదు. దాన్ని ఉన్నదున్నట్టే పెట్టెలో పెట్టి మూత బిగించేశాడు. చెరువుకొకటి చొప్పున రెండు పెట్టెలూ వెళ్లాయి.

వారం తిరక్కుండా గాలివానకి కరెంటు పోయి వచ్చింది. మొదటి చెరువులో చక్రాలు కదల్లేదు, రొయ్యలన్నీ చచ్చాయి. రెండో చెరువులో చక్రాలు పెళ్లివారిల్లులా హడావిడి చేస్తున్నాయి.

జగన్నాథరావుగారు సిద్ధాంతిగారినీ కామేశాన్నీ చెరువుల దగ్గరికి వెంటబెట్టుకొచ్చారు. ఆయన ముఖం చూస్తే ఎవరికో మూడేట్టే ఉంది. కామేశం మాత్రం లోలోపల సంబరపడుతూ మొదటి పెట్టె తెరిచి, అదురుకి టంకం విడిచి ఊడిపోయిన తీగ చూపించాడు. తర్వాత రెండోదాని మూత తీశాడు.

"దీన్ని నేను ముట్టుకోలేదండి. ట్రాన్స్‌ఫార్మర్ ఈశాన్యంలోనే ఉందండి."

ఉంటేగా! కేబుల్ పైనుంచి వస్తోందని ఎలక్ట్రీషియన్ రెండు పెట్టెలనీ తలకిందులుగా బిగించాడు. కామేశం కోసి అతికిన బోర్డులో బరువు మళ్లీ ఈశాన్యానికే ఎక్కింది. ముట్టుకోని బోర్డులో నైరుతిలో హాయిగా కూర్చుంది.

సిద్ధాంతిగారు చిరునవ్వు నవ్వారు. జగన్నాథరావుగారు ఆయనకి రెండు చేతులూ జోడించి, ఇక కొయ్యడాలూ అతకడాలూ వద్దన్నారు. బోర్డు కామేశం గీసినట్టే ఉంచి, పెట్టె తలకిందులుగా బిగిస్తే చాలట.

"ఏవండీ కామేశంగారూ, ఇప్పటికైనా నమ్ముతారా?" అన్నారు జగన్నాథరావుగారు.

వాస్తు కాదండీ, వదులు టంకం అన్న మాట కామేశం నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే, అయితే ఈసారి టంకం గట్టిగా పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ దించండి అంటారు, తన బోర్డు మీద మళ్లీ బ్లేడు పడుతుంది.

"నమ్మకేం చేస్తానండి" అన్నాడు.

ఆ బోర్డు ఒక్క తీగ అతుకు లేకుండా పిఠాపురం నుంచి ద్రాక్షారామం దాకా చెరువు చెరువుకీ వెళ్లింది. పెట్టె మీద 'సిద్ధాంతి స్టార్టర్' అని అచ్చువేయించారు.