పరశురాములు అడిగిన ప్రశ్నలు

కోమల స్నానాల గదిలో ఎవరితోనో మాట్లాడుతోంది. "నమస్కారం సార్. నా పేరు కోమల. మాది జమ్మికుంట." కాసేపు ఆగి మళ్ళీ అదే మాట, ఈసారి ఇంకాస్త గట్టిగా. బయట పళ్ళు తోముకుంటున్న పరశురాములు చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"ఏమే, నీ బిడ్డ బకెట్‌తోని ముచ్చట పెడుతుంది, విన్నవా?"

"వారం సంది గంతేనయ్యా. క్లాసుల గట్లనే చెయ్యమన్నరట," అంది భార్య యాదవ్వ వంటింట్లోంచి.

క్లాసు! ఆ మాట వింటేనే అతనికి ఒళ్ళు మండుతోంది. పరశురాములుకు అనుమానం ఎక్కువని ఊరంతా అంటుంది. అననీ. పత్తి మార్కెట్ ఎదురుగా మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం అతనిది. కాలిన మోటారు పట్టుకొచ్చి "దానంతట అదే కాలింది" అనేవాళ్ళను పదకొండేళ్ళుగా చూస్తున్నాడు. ఏదీ దానంతటదే కాలదు. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు. అలాంటిది శ్యామల అనే ఒకావిడ గోదావరిఖని నుంచి వచ్చి, సంఘం భవనంలో ప్రతి ఆదివారం పిల్లలకు పైసా తీసుకోకుండా పాఠం చెబుతోందట. ఎలా నిలబడాలి, ఎలా కూర్చోవాలి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ ఎలా మాట్లాడాలి. పైగా ఫోన్‌లో వీడియోలు కూడా తీస్తోందట!

ఇలాంటి పాఠం అతనూ ఒకప్పుడు నేర్చుకున్నాడు. బొంబాయిలో ఏజెంటు ఆఫీసులో నలభై మందిని వరసగా నిలబెట్టి, ఏం అడిగినా నవ్వుతూ 'ఎస్ సార్' అనాలని రెండు రోజులు నూరిపోశారు. మూడో రోజు మస్కట్ సేటు వచ్చి ఏదో అడిగాడు. పరశురాములు నవ్వుతూ ఎస్ సార్ అన్నాడు. మస్కట్ చేరాక పాస్‌పోర్టు అడిగితే నవ్వుతూనే ఇచ్చాడు. కరెంటు పనికని వెళ్ళినవాడు నాలుగేళ్ళు మరుగుదొడ్లు కడిగాడు. పాస్‌పోర్టు సేటు బీరువాలో ఉండిపోయి, తండ్రి పోతే చివరిచూపుకు కూడా రాలేకపోయాడు. కూతురికి మాత్రం అక్కడ కరెంటు పనే చేశానని చెప్పాడు. నిజం చెప్పడానికి సిగ్గు.

"మంగళవారం కరీంనగర్ దవాఖానల ఇంటర్వ్యూ ఉన్నది బాపు," అంది కోమల, తల తుడుచుకుంటూ.

"గా క్లాసు సంగతేందో తేలనీ. అటెన్క చూద్దాం."

కోమల ముఖం చిన్నబోయింది. డిగ్రీ అయ్యాక రెండేళ్ళకు వచ్చిన మొదటి పిలుపు అది.

ఆదివారం దుకాణం మూసేసి పరశురాములు సంఘం భవనానికి వెళ్ళాడు. శ్యామలకు అరవై దాటి ఉంటాయి. ముందు పన్నెండు మంది పిల్లలు కూర్చున్నారు, వాళ్ళలో కోమల. అతను నమస్కారం కూడా పెట్టలేదు.

"మేడం, గిదంత ఫుకట్‌గ ఎందుకు చెప్తున్నరు?"

"నా బిడ్డ మస్తు చదివింది అన్నా. ఇంటర్వ్యూకు పోతె నోరు పెగలకపోయేది. ఏడుసార్లు వాపస్ వచ్చింది. గప్పుడు దానికి చెప్పెటోళ్ళు లేకపాయె."

"మరి గా వీడియోలు?"

"ఎవల ఫోన్ల వాళ్ళవే తీస్త. చూసుకొని దిద్దుకుంటరు. నా ఫోన్ చూస్తరా?"

చూశాడు. కెమెరా కూడా లేని డబ్బా ఫోన్. ఇంకో ఫోన్ ఎక్కడ దాచిందో అనుకున్నాడు.

ఆమెకు కోపం రాలేదు. తన కుర్చీ అతని ముందుకు జరిపింది. "మీరే కూసొని అడుగుండ్రి. గట్టిగ అడిగెటోళ్ళే దొరుకుతలేరు నాకు."

ఇంకేం కావాలి! పరశురాములు కూర్చున్నాడు. ముందు రంజిత్ అనే కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, నిటారు నడక.

"నౌకరి ఇచ్చెటాయన పేరేంది? నీకంటె ముందు చేసినోడు ఎందుకు పోయిండు? నీ సర్టిఫికెట్లు ఎవల చేతుల ఉంటయి?"

రంజిత్‌కు చెమటలు పట్టాయి. పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, "ఎస్ సార్," అన్నాడు.

పరశురాములు దిగ్గున లేచాడు. "ఎస్ సార్ ఏందిరా! అడిగిందేంది, నువ్వు చెప్పుడేంది! నేను గూడ గట్లనే అన్న. నవ్వుకుంట అన్న. నాలుగేండ్లు దొడ్లు కడిగిన. మా బాపు సచ్చిపోతె మట్టి వెయ్యనీకి రాలే!"

కోమల తండ్రినే చూస్తోంది. శ్యామల మెల్లగా లేచి, అతనడిగిన మూడు ప్రశ్నలనూ బోర్డు మీద రాసింది.

మంగళవారం కోమల వెంట కరీంనగర్‌కు అతనే వెళ్ళాడు. అదో పెద్ద ప్రైవేటు దవాఖాన. పేషంట్ల పేర్లు రాసుకునే కౌంటర్లో ఉద్యోగం. అద్దాల గది బయట బెంచీ మీద కూర్చుని లోపలికే చూస్తున్నాడు. కోమల నిటారుగా కూర్చుని మాట్లాడుతోంది. ఆఫీసరు నవ్వుతున్నాడు, తల ఊపుతున్నాడు. తర్వాత సర్టిఫికెట్ల ఫైలు కోసం చెయ్యి చాపాడు. కోమల ఫైలును తనవైపు లాక్కుని, అడ్డంగా తల ఊపింది.

ఆఫీసరు ముఖంలో నవ్వు పోయింది. ఇచ్చెయ్యి బిడ్డా, ఇచ్చెయ్యి అనుకున్నాడు పరశురాములు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

కోమల బయటికి వచ్చింది. "ఒరిజినల్ సర్టిఫికెట్లు రెండేండ్లు మా దగ్గరనే ఉంటయన్నడు. జిరాక్సులు ఇస్త, అసలువి ఇయ్య అన్న. బయట కూసోమన్నడు."

"పోయినట్టేనా?"

"పోతె పోనీ బాపు." ఫైలు ఒళ్ళో పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. ఆ ఉద్యోగం మీద ఎంత ఆశ పెట్టుకుందో అతనికి తెలుసు.

ఇద్దరూ లేవబోతుంటే అటెండరు వచ్చాడు. "కోమల ఎవలు? జిరాక్సులే చాలంటుండు సార్. లోపలికి రమ్మంటుండు."

పరశురాములు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "వద్దు బిడ్డా. గింత జల్ది మాట మార్చిండంటె ఏదో మతలబు ఉన్నది. ఉంటె నేను గూడ వస్త."

కోమల అతని కళ్ళలోకి సూటిగా చూసింది. చిన్నప్పటి నుంచీ అతని ముందు తల వంచుకునే మాట్లాడిన పిల్ల.

"గా మతలబేందో నేనే అడుగుత. నువ్వు కూసో బాపు."

మస్కట్‌లో కూర్చోమంటే కూర్చున్నాడు, నిలబడమంటే నిలబడ్డాడు, అంతా భయంతోనే. ఇప్పుడూ భయమే, కాకపోతే తన కోసం కాదు. అనుమానం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. అయినా పరశురాములు కూతురి చెయ్యి వదిలి, బెంచీ మీద కూర్చున్నాడు.